బొల్లోడికి పెట్టిన శోకం

రాళ్లగూడెంలో ఎవరైనా కన్నుమూస్తే చుట్టాలకంటే ముందు సాలమ్మకు కబురు పోతుంది. ఆమె వచ్చి తలాపున కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్కసారి గొంతెత్తిందంటే అప్పటిదాకా ఎవరికి వారు ఏడుస్తున్న ఇల్లంతా ఒక్క ఏడుపవుతుంది. పోయినవాళ్లు ఎట్లా బతికారో, దేనికి అలిగేవారో, ఏ కూరకు ఆశపడేవారో అన్నీ రాగంలో పెట్టి శోకం తీస్తుంది. అందులో అన్నీ పొగడ్తలే ఉండవు. సోమమ్మ భర్త పోయినప్పుడు, "కల్లు తాగొచ్చి ఇంటి కడప మీదనే పంటివి, నిన్ను దాటలేక మేం ఇంట్లనే ఉంటిమి, ఇయ్యాల గూడ కడపకాడనే పంటివా నా అన్నా" అని ఏడిస్తే, పక్కన గుండెలు బాదుకుంటున్న సోమమ్మకు నవ్వొచ్చింది. నవ్వి, ఆ నవ్వుతోనే ఇంకా గట్టిగా ఏడ్చింది. ముసలాయన్ని అంత బాగా సాగనంపిందని తర్వాత చాలా రోజులు చెప్పుకుంది.

సాలమ్మది గొర్లకాపరుల ఇల్లు. దేవరకొండ గుట్టల కింద మెట్ట చెలకల్లో ఆమె, భర్త మల్లప్ప మందను మేపుకుని బతుకుతారు. ఏడ్చినందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. కానీ రెండు కట్టుబాట్లు మాత్రం తప్పదు. బతికున్న మనిషికి శోకం పెట్టదు, అది వాళ్ల ఆయుష్షుకు చేటు. ఒకసారి ఏడ్చి పంపినవాళ్లను మళ్లీ పిలవదు, పిలిస్తే పోయే దారిలోంచి వెనక్కి తిరిగి చూస్తారు. ఈ రెండూ ఆమెకు అమ్మ నేర్పింది, అమ్మకు అవ్వ నేర్పింది.

ఈ రెండు కట్టుబాట్లే ఆమెను చిక్కులో పడేశాయి.

ఊరి చివర పాడుబడిన పెద్ద ఇల్లొకటి ఉంది. ఒక సినిమావాళ్లు వచ్చి దానికి లోపలా బయటా ఎర్ర రంగు పూశారు. నట్టింట్లో బండెడు మన్ను పోశారు. అన్నదమ్ములు పంపకాలకు పోయి ఇల్లు కూలిపోయే కథట. దర్శకుడు అమరేందర్ అనే సన్నటి మనిషి. గట్టిగా మాట్లాడడు, నవ్వడు, గంటసేపు గోడను చూస్తూ నిలబడతాడు. ఆయన దగ్గర పనిచేసే అనూహ్య అనే అమ్మాయి మాత్రం ఊరందరితో కలిసిపోయింది. సాలమ్మ సంగతి ఆ పిల్ల చెవిన పడింది. పెద్దకొడుకు చచ్చిపోయే సీనులో ఏడవడానికి సాలమ్మను పిలుచుకుపోయింది.

నట్టింట్లో మన్ను మీద తెల్లగుడ్డ కప్పుకుని నటుడు పడుకుని ఉన్నాడు. పొద్దున్నే సాలమ్మ చేతి మజ్జిగ తాగి, ఇంకో చెంబు అడిగినవాడు. గుడ్డ కింద పొట్ట లేస్తోంది, దిగుతోంది.

"నాతోని కాదు బిడ్డా," అని సాలమ్మ లేచి నిలబడింది. "పానమున్న పిలగాడు. గీయనకు శోకం పెడితే వాళ్లమ్మ నన్నేమంటది?"

అమరేందర్ చాలాసేపు ఆలోచించి, "ఈయన కోసం వద్దు సాలమ్మ గారూ. నిజంగా పోయినవాళ్లను ఎవరినైనా తలుచుకుని ఏడవండి. ఎవరైనా సరే," అన్నాడు.

"ఎవలైన సరేనా?"

"ఎవరైనా సరే."

సాలమ్మ అక్కడే కూలబడి వెతుక్కుంది. అమ్మ, అత్త, మామ, చిన్నప్పుడే పోయిన తమ్ముడు, సోమమ్మ భర్త. అందరూ ఏడ్చి పంపినవాళ్లే. పిలవడానికి లేదు. ఇక శోకం బాకీ పడ్డది ఒక్కడికే. వాడు బొల్లోడు.

బొల్లోడు మనిషి కాదు, పొట్టేలు. నల్లటి ఒళ్లు, మూతి మీద తెల్లటి మచ్చ. మందకు ముందు నడిచేవాడు. అంతకుముందు వానకాలంలో మూతివాపు రోగమొచ్చి పోయాడు. కటికాయన వచ్చి అడిగితే మల్లప్ప ఇవ్వలేదు, పారపట్టుకుపోయి చెలకలో గుంత తీశాడు. మొగుడూ పెళ్లాలు ఆ రోజు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. గొర్రె చస్తే ఎవరూ ఏడవరు. ఏడిస్తే ఊరు నవ్వుతుంది. మంద గలవాళ్లకు అదొక నష్టం, అంతే. సాలమ్మ ఏడవకుండా పిడచలాగా మింగిన ఆ దుఃఖం గొంతులో అక్కడే ఉంది.

ఆ రోజు అది బయటికొచ్చింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు. కళ్లు తెరిచేసరికి కెమెరా దగ్గరి మనిషి ముక్కు తుడుచుకుంటున్నాడు. గుడ్డ కింది నటుడి పొట్ట ఎగిరెగిరి పడుతోంది, వాడూ ఏడుస్తున్నాడు.

"అద్భుతం," అన్నాడు అమరేందర్, గోడవైపు చూస్తూనే.

నిజం ఒక్క అనూహ్యకే చెప్పింది సాలమ్మ, అదీ ఆ పిల్ల గంట కోసం వచ్చినప్పుడు. శోకంలో 'నీ మెడల గంట' అనే మాట ఉంది కాబట్టి వెనకాల ఒక గంట చప్పుడు పెట్టాలని దర్శకుడికి తోచిందట. సాలమ్మ గూటిలోంచి బొల్లోడి గంట తీసి తనే మోగించి, ఆ పిల్ల చప్పుడు పట్టుకున్నాక మళ్లీ గూట్లోనే పెట్టింది. శోకంలో సర్పంచును కుమ్మిన మాట కూడా ఉండేసరికి, పెద్దకొడుకు సర్పంచుతో కొట్లాడే సీనొకటి కొత్తగా తీశారని అనూహ్య చెబుతూ పడీపడీ నవ్వింది. సాలమ్మకు నవ్వు రాలేదు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఊర్లె అందరి చావులకు పెట్టిన నోరిది. గీ నోటితోనే గొర్రెకు ఏడ్సినవా అంటే నేనేం చెప్పాలె? మల్ల నన్నెవలు పిలుస్తరు?"

అనూహ్య ఒట్టు పెట్టుకుంది.

సినిమా విడుదలైన వారం ఊళ్లో అదే ముచ్చట. సోమమ్మ కొడుకు లింగస్వామి ఆటో నడుపుతాడు, విడుదలైన ప్రతి సినిమా మీదా తీర్పు చెబుతాడు. అతని ఫోనులో సినిమాల మీద మాట్లాడేవాళ్లలో ఒకడు "ఇది వెండితెర మీద రాసిన కావ్యం" అన్నాడు, ఇంకొకడు "ఇంటర్వెల్‌లో పారిపోండి" అన్నాడు.

"ఇద్దరు గూడ సాలమ్మత్త బాగ చేసిందనే అన్నరు," అని లింగస్వామి తేల్చాడు. "ఆదివారం మాట్నీకి ఊరంత పోవాలె. అత్తా, నువ్వు నా ఆటోల ముందర కూసుంటున్నవు."

"నాకు మోకాళ్ల నొప్పిరా."

"సినిమా కూసోని సూసేదే గదనే!" అంది సోమమ్మ. "మా ముసలోన్ని ఏడ్సి పంపిన గొంతు గంత పెద్ద తెర మీద వినాలె నేను. నువ్వు రాకుంటే నేను గూడ పోను."

సాలమ్మ ఇక కాదనలేకపోయింది. ఊళ్లో అందరికంటే సోమమ్మకే తెలియకూడదు.

ఆదివారం దేవరకొండ టాకీసులో సగం సీట్లు రాళ్లగూడెంవే. మిగతా సగంలో టౌనువాళ్లు, కాలేజీ పిల్లలు. సినిమా మొదలైంది. ఎర్ర ఇంట్లో ఒక్కొక్క గదికి ఒక్కొక్క రంగు వెలుతురు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడకుండా గోడలతో మాట్లాడుకుంటున్నారు. ఒక గదిలోనే వాన కురుస్తోంది.

"కప్పు కారుతాందేమో, రేకులు ఎయ్యరాదు," అన్నారెవరో.

"గాళ్లు ఒకల నొకలు సూస్కోరేంది? మెడలు పట్టినయా?"

"అది ఆర్టు. సప్పుడు చేయకుండ్రి," అని గదిమాడు లింగస్వామి. కాసేపటికి తనే ఆవులించాడు. వెనక వరసలో కాలేజీ పిల్లొకతె మాత్రం కన్ను తిప్పకుండా చూస్తోంది. ముందు వరసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. తెర మీద తల్లి ఒక్కతే ఏడు విస్తళ్లు వేసుకుని కూర్చున్నప్పుడు, నవ్వుతున్నవాళ్లు కూడా కాసేపు ఊరుకున్నారు.

పెద్దకొడుకు చచ్చిపోయాడు. తెర నిండా సాలమ్మ మొహం వచ్చింది. ఊరంతా ఈలలు, చప్పట్లు. సాలమ్మ కుర్చీలో ఇంకా కిందికి జారింది.

తెర మీద ఆమె గొంతెత్తింది.

"ముందు నడిచినోడా, నా బొల్లోడా, వాగుల నువ్వు కాలు పెడితెనే మాకు తొవ్వాయె నా కొడుకా..."

ఈలలు ఆగిపోయాయి. అది తెర మీది పెద్దకొడుకు ముద్దుపేరనుకున్నట్టున్నారు. గండం గడిచిందని సాలమ్మ ఊపిరి తీసుకోబోయింది. అప్పుడు, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, గంట మోగింది.

పక్క కుర్చీలో మల్లప్ప దిగ్గున లేచి నిలబడ్డాడు. మందలో ఏ గంట ఏ గొర్రెదో కళ్లు మూసుకుని చెప్పే మనిషి.

"గది మన బొల్లోని గంట గదనే!"

హాలంతా వినపడింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. లింగస్వామి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. "అత్తా! పొట్టేలుకు ఏడుస్తున్నవా!" సగం హాలు నవ్వుల్లో మునిగిపోయింది. తెర మీద సాలమ్మ, "సర్పంచును కుమ్మితివి, సంతకు రానంటివి" అనేసరికి కుర్చీలు ఊగిపోయాయి. ఆ కుమ్ముడు కళ్లారా చూసినవాళ్లే అందరూ. టౌనువాళ్లు "ఏయ్, సప్పుడు బంద్" అని కేకలేశారు.

సాలమ్మకు భూమిలోకి పోవాలనిపించింది. ముందు వరసలో కూర్చున్న సోమమ్మ వెనక్కి తిరిగింది. తెర వెలుతురులో ఆమె మొహం సరిగ్గా కనపడలేదు. మళ్లీ తెరవైపు తిరిగింది.

తెర మీద శోకం ఆగలేదు. "మూతి వాసి నీళ్లు ముట్టకపోతివి, మొక్కుకు ఇయ్యకపోతిమి, కోతకు ఇయ్యకపోతిమి. ఎవ్వలకియ్యని నిన్ను మన్నుకిస్తిమి కద నా కొడుకా."

నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. రాళ్లగూడెంలో మంద లేని ఇల్లు తక్కువ, మన్నుకు ఇచ్చుకోని ఇల్లు లేదు. ఎవరో ముక్కు చీదారు. వెనక వరసలో కాలేజీ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది, ఆమెకు బొల్లోడెవడో తెలియదు. మల్లప్ప ఇంకా నిలబడే ఉన్నాడు. తలపాగా తీసి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. వెనకవాళ్లెవరూ కూర్చోమని అనలేదు.

సినిమా చివర ఒక తెరిచిన తలుపును చాలాసేపు చూపించారు. "ఫిల్మేమన్న తెగిందా?" అని లింగస్వామి అనుమానపడేలోపు దీపాలు వెలిగాయి.

బయట ఎండలో ఊరంతా గుమిగూడింది. సగంమంది పైసలు దండగన్నారు. సగంమంది ఆ ఏడు విస్తళ్లు కళ్లలోంచి పోవడం లేదన్నారు. సినిమా బాగుందో లేదో తేలలేదు గానీ బొల్లోడు ఎవరెవర్ని కుమ్మాడో లెక్క తేలుతోంది. సాలమ్మ ఆటో చాటున నిలబడింది. సోమమ్మ కర్ర టకటకలాడించుకుంటూ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"ఏమే సాలమ్మా. మా ముసలోనికి ఏడ్సిన నోటితోనే గొర్రెకు ఏడ్సినవా?"

అనుకున్న మాట అక్షరం తప్పకుండా వచ్చింది.

"ఏడ్సిన వదినె," అంది సాలమ్మ. అబద్ధం నోట్లోకి రాలేదు. "బతికున్నోనికి పెట్టద్దాయె. పోయినోళ్లను మల్ల పిలువద్దాయె. వాడొక్కడే మిగిలిండు. అన్నను తక్కువ చెయ్యలె. వాడు గూడ ఇంట్ల మనిషి లెక్కనే ఉండె."

"తక్కువ చెయ్యలేదా?" సోమమ్మ కర్ర నేలకు కొట్టింది. "మా ముసలోనికి ఏం ఏడ్సినవు? కల్లు, కడప. గంతే గద! గా పొట్టేలుకు వాగులట, తొవ్వలట, గంటలట. నలభై ఏండ్లు కాపురం చేసిన నాకే గంత ఏడుపు రాలె మా ముసలోని మీద, గా బొల్లోనికి వచ్చింది!"

చెబుతూ చెబుతూనే ఆమెకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, పెదాలు నవ్వుకు తెరుచుకున్నాయి. చావింట్లో ఆ రోజు నవ్వినట్టే.

సాలమ్మకు ఊపిరాడింది. "మరి అన్న ఎవల్నన్న కుమ్మిండా వదినె? కుమ్మితే అది గూడ ఏడ్సేదాన్ని."

"కుమ్మిండు! మా తమ్మున్ని, పెండ్లిల!"

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్తనే, గప్పుడు ఏడుస్తున్న గద!"

లింగస్వామి నవ్వలేక ఆటో మీద వాలిపోయాడు. మల్లప్ప ఆటో ఎక్కాడు. ఆటో వెనకాల పెళ్లాం పక్కకు జరిగి కూర్చుని, "గంట వాళ్ల దగ్గరనే ఉందా, తెచ్చినవా?" అని అడిగాడు.

"ఇంట్లనే గూట్ల ఉంది."

"కొత్త పొట్టేలుకు కడదాం," అన్నాడు.

ఆటో కదిలింది. సోమమ్మ సాలమ్మ తొడ మీద చెయ్యి వేసి, ఆటో చప్పుడును మించి గట్టిగా చెప్పింది. "ఇగో సాలమ్మా, నా దినం వచ్చేవరకు యాదుంచుకో. నాకు గూడ వాగులు పెట్టాలె. తొవ్వలు పెట్టాలె. నేనెవలెవల్ని తిట్టిన్నో ఇంటికి పోయేలోపు అన్ని చెప్త, విను."

"బతికున్న మనిషికి నేను శోకం కట్ట వదినె."

"కట్టకు. వింటే ఏమైతది?"

రాళ్లగూడెం వచ్చేదాకా సోమమ్మ తిట్లు చెబుతూనే ఉంది. సాలమ్మ వింటూనే ఉంది, కొన్నిటిని మధ్యలో ఆపి మళ్లీ చెప్పించుకుంది.