బండెప్ప కైలాసం

నారాయణఖేడ్ బస్టాండు దాటి పాత బజారు వైపు మళ్లితే, చెప్పుల దుకాణానికీ ఎరువుల దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉంటుంది బండెప్ప ఫోటో స్టూడియో. బోర్డు మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎండకు వెలిసిపోయి, ఇప్పుడు ఎవరు ఎవరో చెప్పడం కష్టం. పెళ్లిళ్లకు హైదరాబాదు నుంచి డ్రోన్లు దిగుతున్నాయి. పుట్టినరోజులకు ఎవరి ఫోను వాళ్లకుంది. ఇక బండెప్పకు మిగిలిన గిరాకీ రెండే రకాలు: ఏదో ఒక కార్డుకు పాస్‌పోర్టు సైజు ఫోటో కావాల్సిన బతికున్నవాళ్లు, గోడకు తగిలించే ఫోటో కావాల్సిన చచ్చిపోయినవాళ్లు. మొదటి రకం వాళ్లు కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుని లేచిపోతారు. రెండో రకం వాళ్లు ఆయన దగ్గర రెండు మూడు రోజులుంటారు. ఈ మధ్య ఆయనతో అంతసేపు ఉంటున్నది వాళ్లే.

బతికుండగా మంచి ఫోటో దిగే అలవాటు మనవాళ్లకు ఎక్కడుంది? పోయాక పింఛను కార్డు పట్టుకొస్తారు, లేకపోతే ఎవరి పెళ్లిలోనో మూలకు నిలబడ్డ ఫోటో తెస్తారు. బండెప్ప ఆ వేలెడంత మొహాన్ని పెద్దది చేసి, సగం మూసుకున్న కళ్లు తెరిపించి, చొక్కా మార్చి, లింగాయతులైతే నుదుటి మీద మూడు విభూతి రేఖలు దిద్దుతాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. వెనకాల ఏం పెట్టాలి? చర్చికి పోయేవాళ్లు పచ్చిక, వాగు, నీళ్లు తాగే జింక కావాలంటారు. లింగాయతులు ఇంకో మాట అనరు. కైలాసమే.

ఈ కొండలూ జింకలూ బండెప్పకు ఎక్కడివంటే, ఇరవయ్యేళ్ల కింద కోఠిలో కొన్న ఒక సీడీలోవి. అందులో వెయ్యి ఫోటోలున్నాయి. ఏ దేశాలవాళ్లో నేషనల్ పార్కులు తిరుగుతూ తీసుకున్న మంచుకొండలు, సరస్సులు, పులులు, కొంగలు. కొన్నింటికి మూలన ఇంగ్లీషులో తీసినవాళ్ల పేరుండేది. బండెప్ప ఆ పేర్లను ఓపికగా చెరిపేశాడు. దొంగతనమే, కాదనడానికేం లేదు. కానీ ఆ కొండల దగ్గర నిలబడ్డవాళ్లు నాగల్‌గిద్ద లాంటి పల్లెకు వచ్చి, ఎవరింటి గోడ మీదనో తమ కొండను చూసి పంచాయితీ పెడతారని ఎవరనుకుంటారు?

అందులో నాలుగు వందల పదిహేడో ఫోటో ఉంది. మూడు మొనదేలిన శిఖరాలు, వాటి మీద మంచు, కింద గడ్డి మైదానం. గడ్డిలో కొండకు ఎదురుగా కూర్చున్న ఒక నల్లని జంతువు. దూరంగా ఉంది, కానీ మూపురం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిసారి ఆ ఫోటో తెర మీదికి వచ్చినప్పుడు బండెప్ప భార్య నీలాంబిక కత్తెర పక్కన పెట్టి చేతులు జోడించింది.

"రీ, బసవణ్ణ!" అని మొగుణ్ణి కన్నడంలో పిలిచింది.

అంతే, తేలిపోయింది. మంచుకొండ, దాని ఎదుట నంది. ఇక అది కైలాసం కాక మరేమిటి? ప్రింటు తీసి చూపిస్తే బండెప్ప స్నేహితుడు వీరప్ప లాంటి పెద్దమనిషే కళ్లకద్దుకున్నాడు. అప్పటి నుంచి కంగ్టి వైపు కానీ సిర్గాపూర్ వైపు కానీ లింగాయతుల ఇంట్లో ఎవరు పోయినా, బండెప్ప వాళ్లను ఆ కొండ ముందే కూర్చోబెట్టాడు.

నీలాంబికది దుకాణంలో కత్తెర పని. పాస్‌పోర్టు ఫోటోల అంచులు కత్తిరిస్తూ, తెర వైపు చూస్తూ ఏదో ఒకటి మాట్లాడేది. పిల్లలు లేరు. ఇంట్లో కన్నడమే మాట్లాడేది, దుకాణంలో తెలుగూ కన్నడమూ కలిపేది. హైదరాబాదు ఒకే ఒక్కసారి పోయింది. ఆ ఊళ్లో ఎవరి మాటా తనకు అర్థం కాలేదని, తన మాట ఎవరికీ అర్థం కాలేదని, మళ్లీ పోనంది. అలాంటి మనిషికి ఆ కొండ మాత్రం సొంతూరులా ఉండేది.

"లీలమ్మ పాపం ఆడ ఒక్కతే ఉంటదనుకున్న. ఇగ మా సుమంగళక్క పోయింది కద, ఇద్దరు కూసొని ముచ్చట పెడ్తరు," అనేది.

"గది ఫోటోనే పిచ్చిదానా. ఊరనుకున్నవా ఏంది?" అనేవాడు బండెప్ప.

"ఊరే. మనోళ్లందరు ఆడికే పోతున్నరు కద. చలి ఎక్కువనో ఏమో, ఎవ్వలకు కప్పుకోను ఒక్కటి కూడ పెట్టవు నువ్వు."

ఆరేళ్ల కింద మూడు రోజుల జ్వరంతో దవాఖానలో పోయింది నీలాంబిక. ఆమె ఫోటో బండెప్పే చేసుకున్నాడు. ఎంతమందికి చేశాడో, అంత అనుభవమూ ఆ రోజు పనికి రాలేదు. ఆమెను కొండ ముందు కూర్చోబెట్టాక చలి మాట గుర్తొచ్చింది. సీడీ అంతా వెతికి, ఏ దేశపు ఆడమనిషో మంచులో నిలబడి కప్పుకున్న ఎర్ర శాలువా ఒకటి పట్టుకుని, దాన్ని కత్తిరించి తెచ్చి నీలాంబిక భుజాల మీద కప్పాడు. ఆ ఫోటోను కంప్యూటర్ ఎదుటి గోడకు తగిలించాడు. సోమవారం సోమవారం పూలు పెడతాడు.

మనిషి లేని లోటు బండెప్పకు పొద్దంతా తెలియదు. సాయంత్రం షట్టరు దించేటప్పుడు తెలుస్తుంది. అది పాత షట్టరు. ఒక కొస గుంజితే రెండో కొస పైననే పట్టేస్తుంది. రెండు వైపులా ఇద్దరు నిలబడి ఒక్కసారి గుంజాలి. ఆరేళ్లుగా బండెప్ప ఈ కొస జానెడు గుంజి, ఆ కొసకు నడిచి అక్కడ జానెడు గుంజి, మళ్లీ ఈ కొసకు వస్తున్నాడు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఆయన మాత్రం రోజూ మొదటి జానెడు గుంజే ముందు ఆ రెండో కొస వైపు ఒకసారి చూస్తాడు.

ఈ చలికాలం ఒక మధ్యాహ్నం సోమనాథ్ వచ్చాడు. చనిపోయిన వీరప్ప కొడుకు, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, మెడలో కెమెరా వేసుకుని కొండలూ అడవులూ పట్టుకు తిరిగే మనిషి. కొత్త ఇంటి గోడలకు తను తీసిన ఫోటోలు కావాలట. పట్నంలో సవాలక్ష చోట్లుండగా తండ్రి స్నేహితుడి దగ్గరికే తెచ్చాడు, అదీ ఒక మర్యాదే.

"ఏ కాకా, బాగున్నవా? గీ పెన్‌డ్రైవ్‌ల ముప్పై ఉన్నయి. పోయినేడు తిరిగినయి," అన్నాడు.

బండెప్ప ఒక్కొక్కటే తెరిచాడు. చేపను నోట కరిచిన ఎలుగుబంటి. కొమ్ములు చెట్టుకొమ్మల్లా పెరిగిన దుప్పి. బాగా తీశాడు పిల్లవాడు, అనుకుంటూ పోతున్నాడు. ఇరవై ఆరో ఫోటో దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. మూడు మొనదేలిన శిఖరాలు. ఆ అంచుల వెంట ఆయన ఎన్ని వందలసార్లు మౌసు నడిపించి ఉంటాడో! కళ్లు మూసుకుని గీయమన్నా గీస్తాడు. మధ్య శిఖరం ఎడమ భుజం మీది గంటు కూడా అదే, కింద గడ్డిలో మూపురాలున్న నల్లని జంతువులు.

"కైలాసం పోయినవా బిడ్డా?" అన్నాడు. "చెప్పనేలేదు."

"కైలాసమేంది కాకా? గిది అమెరికల నేషనల్ పార్కు. గ్రాండ్ టీటన్ అంటరు."

"మరి గా బసవన్న?"

సోమనాథ్ తెర మీదికి వంగాడు. "బసవన్న ఏడిది? గవి బైసన్లు. మన దిక్కు అడవిదున్న అన్నట్టు. ఆడ మందలు మందలు తిరుగుతయి."

చెప్పి, తలెత్తి, ఎదురు గోడ మీది నీలాంబిక ఫోటో చూశాడు. దాని వెనకున్న కొండ చూశాడు. ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయ్యో కాకా! మా బాపు వెనక ఉన్నది గిదే కద! ఆడ నిలబడ్డప్పుడే అనుకున్న, గీ కొండను ఏడనో చూసిన, ఏడనో చూసిన అని!" కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, బండెప్ప మొహం చూసి ఆగిపోయాడు. తప్పు చేసినట్టు గొంతు తగ్గించాడు. "నువ్వేం పరేషాన్ కాకు. అసలు కైలాసం నా దోస్తు పోయి తీసిండు. నీ ఫోన్‌కు పంపుత. బాపుది దాంతోని మార్చి ఇయ్యి, రేపు పొద్దుగాల తీస్కపోత. నేను ఎవ్వలకు చెప్ప."

అతను పోయాక బండెప్ప షట్టరు సగానికి దించి లోపల కూర్చున్నాడు. అడవిదున్న. దున్న మీద వచ్చేవాడు ఎవడో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నంది అని చెప్పి ఇరవయ్యేళ్లుగా ఎంతమందిని తీసుకెళ్లి యముడి వాహనం పక్కన కూర్చోబెట్టాడు! కొడుకులూ కోడళ్లూ దానికే దండం పెడుతున్నారు, దానికే అగరొత్తులు తిప్పుతున్నారు. ఊళ్లో తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆ సిగ్గు కొంతసేపే. తర్వాత అది కూడా వెనక్కి పోయింది. ఎదురుగా నీలాంబిక ఉంది. హైదరాబాదులోనే మాట అర్థంకాక బెంబేలెత్తిన మనిషి. కైలాసానికి పంపానని నిబ్బరంగా ఉన్నాడు ఇన్నాళ్లూ. పంపలేదు. సముద్రాల అవతల, ఎవరూ ఎరగని దేశంలో, దున్నల మందలో వదిలిపెట్టి వచ్చాడు. ఆరేళ్ల నుంచి అక్కడే కూర్చుంది. బండెప్పకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

ఫోను మోగింది. సోమనాథ్ మాట ప్రకారం ఫోటో పంపాడు. బండెప్ప మొహం కడుక్కుని, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. అసలు కైలాసం అలా ఉంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఒకే శిఖరం, గుండ్రంగా, గంభీరంగా ఉంది. కింద గడ్డిపోచ లేదు, అంతా రాయి. నంది లేడు, అసలు ఏ ప్రాణీ లేదు.

వీరప్పను పక్కన పెట్టి ముందు నీలాంబిక ఫైలు తెరిచాడు. పాత కొండను తీసేశాడు. వెనక ఏమీ లేనప్పుడు తెర మీద వచ్చే తెల్లని, బూడిదరంగు గళ్ల మధ్య, శాలువా కప్పుకుని ఆమె ఒక్కతే మిగిలింది. అలా చూడలేక గబగబా కైలాసాన్ని తెచ్చి పెట్టాడు. వెలుగు సరిచేశాడు. అంచులు మెత్తబరిచాడు. నిజం చెప్పాలంటే, జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు. వెనక్కి వాలి చూశాడు. ఏదో తేడా కొట్టింది. వెలుగా? కాదు. శాలువా రంగా? అదీ కాదు. చాలాసేపు చూస్తే అర్థమైంది. అక్కడ ఎవరూ లేరు.

లీలమ్మ అక్కడ లేదు, సుమంగళ అక్కడ లేదు. ఊళ్లో నీలాంబిక ఎరిగినవాళ్లూ, పలకరించినవాళ్లూ, జగడమాడినవాళ్లూ అందరూ ఆ మూడు శిఖరాల కిందే ఉన్నారు. వాళ్లందరినీ స్వయంగా బండెప్పే అక్కడికి తోలాడు. ఇప్పుడు తప్పు తెలిసిందని తన పెళ్లాన్ని ఒక్కదాన్నే లేపి, ఈ రాళ్ల మధ్య కూర్చోబెడతాడా? ఇంటింటికీ తిరిగి అందరి ఫోటోలూ దింపించి మార్చడం ఒక మనిషితో అయ్యే పని కాదు. అడిగితే ఎవరు దింపుతారు?

"నీకు తోడు లేకుంట ఎట్ల చేస్తనే," అని పైకే అన్నాడు. చేసిన పనంతా చెరిపేసి, ఆమెను మళ్లీ తెచ్చి దున్న పక్కన, మనవాళ్ల మధ్యన కూర్చోబెట్టాడు.

మర్నాడు పొద్దున సోమనాథ్ వచ్చేసరికి ముప్పై ఫోటోలూ కట్ట కట్టి సిద్ధంగా ఉన్నాయి.

"బాపుది ఏది కాకా?"

"మార్చలే."

"ఎందుకు?"

"గా కొండకు మనోళ్లు ఎవ్వలు పోలే బిడ్డా. మీ బాపును ఒక్కన్నే ఆడికి తోలుమంటవా?"

సోమనాథ్ ఈసారి నవ్వలేదు. నీలాంబిక ఫోటో వైపు చూసి, "ఉండనీ కాకా. ఉన్నకాడనే ఉండనీ," అన్నాడు. కట్ట చంకన పెట్టుకుని బయలుదేరబోతుంటే బండెప్ప ఆపాడు.

"నీ కెమెరా ఉన్నదా? నాదొక ఫోటో తియ్యి."

"ఎందుకు, కార్డుకా?"

"హౌదు, కార్డుకే."

బండెప్ప తల దువ్వుకుని, ఇన్నేళ్లూ ఊరందరినీ కూర్చోబెట్టిన కుర్చీలో తను కూర్చున్నాడు. గడ్డం కొంచెం పైకి ఎత్తమని, భుజాలు వదులు చేయమని ఎవరూ చెప్పలేదు. తనే ఎత్తుకున్నాడు, తనే వదులు చేసుకున్నాడు. సోమనాథ్ రెండు తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి వెళ్లిపోయాడు.

ఆ రోజు గిరాకీ ఎవరూ రాలేదు. బండెప్ప సాయంత్రం దాకా ఆ ఒక్క ఫోటో మీదే కూర్చున్నాడు. నుదుటి మీద మూడు విభూతి రేఖలు దిద్దాడు. వెనక నాలుగు వందల పదిహేడు పెట్టాడు. శాలువా ఇంకొకటి అంటించడం ఆయనకు నిమిషం పని, కానీ అంటించలేదు. ఉన్నదొక్కటే, అది ఆమె కప్పుకుంది. కింద పేరు రాసి, శివైక్యం అని రాసి, తేదీకి జాగా విడిచాడు. రేపు తను పోతే పింఛను కార్డు పట్టుకుని ఎవరొస్తారు? వచ్చినా, వాళ్లు ఎవరి దగ్గరికి పోతారు?

ప్రింటు తీసి చట్రం కట్టాడు. బతికున్న మనిషి ఫోటో అలా గోడకు తగిలించకూడదు. అందుకని స్టూలు ఎక్కి, నీలాంబిక ఫోటో కొంచెం ముందుకు జరిపి, దాని వెనక, గోడకూ దానికీ మధ్య తన ఫోటోను దోపాడు. ఎప్పుడో ఒకనాడు ఎవరైనా ఆమెను దింపితే, ఆయన కూడా దొరుకుతాడు. స్టూలు దిగి, లైటు ఆర్పి, బయటికి వచ్చి, షట్టరు ఈ కొస జానెడు గుంజి, ఆ కొసకు నడిచాడు.