గుమ్మటం మింగిన మాట

మా బాబాయి ఇంట్లో ‘ఆపు’ అనే మాట ఎవరూ అనకూడదు. కుళాయి కట్టెయ్యమనాలన్నా, పిల్లల ఏడుపు మాన్పాలన్నా ‘చాలు’ అనాలి. మేం పరాచికాలాడేవాళ్లం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

సభాభవనం గుమ్మటం మీద చీకటి గదిలో ఆయన ఉద్యోగం. హాల్లో వేలాడే పెద్ద గాజుదీపాన్ని తుడవడానికి గొలుసుచక్రం తిప్పి దించాలి, మళ్లీ ఎత్తాలి. అక్కణ్నుంచి కింద ఏం జరిగేదీ కనిపించదు. పాటకచేరీల కోసం కట్టిన గుమ్మటమట. మాటల్లో ముందు అక్షరాలు మింగేసి చివరివే పైకి పంపుతుంది. బాబాయికి ముందు ఆ చక్రం తిప్పింది మా తాత. ఒకసారి కింద నుంచి ‘ఆపు’ అని అరిస్తే ఆయనకు ‘పు’ అనే వినిపించింది. ‘దింపు’ అనుకుని దించాడు. కింద ఉన్న పనివాడు మరి లేవలేదు. అప్పటి నుంచి అక్కడ ఆపమనడానికి ‘చాలు’ అంటారు, ‘లు’ అనే వినిపించినా ‘దింపు’తో కలవదని. ఇప్పుడు అనేది మా పిన్ని, కింద గాజు తుడిచేది ఆవిడే. ఆ పని ఉన్న రోజు బాబాయికి ముద్ద దిగేది కాదు.

భవనం వారసత్వ కట్టడాల జాబితాకెక్కాక, అనుమతి లేనిదే మేకు కూడా మార్చకూడదన్నారు. చక్రం తిరక్కుండా పట్టి ఉంచే అరిగిపోయిన కొక్కెం కూడా వారసత్వమేనట. ఒకరు పిడి పట్టుకుంటే ఇంకొకరు దాన్ని చేత్తో బిగించాలి.

ఆ గుర్తింపు తెలిపే శిలాఫలకం ఆవిష్కరణకు ముందు దీపం తుడవమన్నారు. బాబాయి తోటి పనివాడు ఆ ఫలకం చూడ్డానికి కిందికి పోయాడు. దీపం దిగుతుండగా, కింద అది ఆనడానికి పరుపు సర్దుతున్న పిన్ని కొంగు దాని కొమ్మకు చిక్కుకుంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు ‘ఆపండి’ అని అరిచాడు.

బాబాయికి ‘పండి’ అని వినిపించింది. ‘దింపండి’ అనా, ‘ఆపండి’ అనా? పిడి బిగపట్టి, పిన్ని గొంతు కోసం చెవులు రిక్కించాడు. అది రాలేదు. వెళ్లి చూద్దామంటే పిడి వదిలితే దీపం పడుతుంది. తాతలాగే తానూ మనిషిని చంపాననుకున్నాడు, అదీ కట్టుకున్నదాన్ని. చెమటకు అరచేతులు జారుతున్నాయి.

పిన్నికి దెబ్బ తగల్లేదు. భయంతో నోరు పెగల్లేదు, అంతే. అందరూ మూగి, కొంగు విడిపించి, పక్కన కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. పైన ఒక మనిషి ఉన్నాడని ఒక్కరికీ తట్టలేదు. తట్టింది ఆవిడకే. పడుతూ లేస్తూ ఇనుప మెట్లెక్కింది.

బాబాయి కళ్లు మూసుకుని పిడిని కావలించుకుని ఉన్నాడు. ఆవిడ కొక్కెం బిగించి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వచ్చినంత గొంతుతో అంది.

“చాలు.”

ఆయన పిడి వదల్లేదు.

“ఇంకోసారి అను,” అన్నాడు.