తాత ఉర్దూ, నా కన్నడం

మా ఊరు కమఠాణల మా ఇంటి ముందటి అరుగు మీద పొద్దుపొద్దున ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కూసొని ఉండేటోళ్ళు. మా తాత కోసం వచ్చినోళ్ళు వాళ్ళు. నిజాం కాలంల బీదర్‌కు నడిచిపోయి ఉర్దూ చదువుకున్న మనిషి మా తాత. భూమి కాగితం వచ్చినా, కచేరి నుంచి తాఖీదు వచ్చినా, హైదరాబాదుల నౌకరి చేసే కొడుకు జాబు రాసినా ఊరోళ్ళు ఆయన దగ్గరికే తెచ్చేటోళ్ళు. తాత చేతులు కడుక్కొని, అద్దాలు పెట్టుకొని, మొదలు మనసుల చదువుకొని, ఆ తర్వాత అందరికి వినబడేటట్టు చదివేటోడు. మధ్యల ఎవరన్న మాట్లాడితే ఆగి అద్దాల మీది నుంచి చూసేటోడు. ఇగ ఎవరూ మాట్లాడకపోయేది. మున్షి తాత అంటే ఊరందరికి అంత గౌరవం.

మేము ఎవుసం చేసుకొని బతికే తెలుగోళ్ళం. ఇంట్ల తెలుగు, గల్లీల కన్నడం, కాగితం మీద ఉర్దూ. నా చిన్నతనంల లోకం అట్లనే ఉంటదనుకున్న. మా జిల్లా మైసూరు స్టేట్ల కలిసినంక కాగితం మీది భాష మారిందట గని, ఆ సంగతి మా అరుగు దాకా రావడానికి కొన్నేండ్లు పట్టింది.

అది డప్పు చప్పుడుతోని వచ్చింది. ఆరేండ్లు నిండిన పిల్లలు, ఆడైనా మగైనా, బడికి రావాలె, పంపకుంటే తల్లిదండ్రుల మీద కేసు అయితదని తలారి గల్లీ గల్లీ తిరిగి చెప్పిండు. మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నదల్లా పిండి చేతులతోనే బయటికొచ్చి విన్నది. నా దిక్కు చూసి, "నువ్వు బడికి పోతే తమ్మున్ని ఎవరు పడతరే?" అన్నది. తమ్మునికి ఇంకా నడక రాలేదు. అమ్మ, నాయిన చేనుకు పోతే పొద్దంత వాడు నా సంకలనే ఉండేటోడు.

డప్పుకు ఎవరూ భయపడలె. బడికి పిల్లలు రాకపోయేసరికి మాస్తరే ఇల్లిల్లు తిరుగుడు మొదలుపెట్టిండు. మైసూరు దిక్కు మనిషి, సన్నగ ఉండేటోడు. ఆయన కన్నడం మా ఊరి కన్నడం లెక్క కాదు, మెత్తగ, సాపుగ, పుస్తకంల అచ్చేసినట్టు ఉండేది. మేము పిల్లలం ఆయన వెనక నడుచుకుంట ఆయన లెక్క మాట్లాడి నవ్వుకునేటోళ్ళం. ఒకనాడు ఆయన మా అరుగు ముందల నిలబడ్డడు. తాత చుట్టు మనుషులు కూసొని ఉన్నరు. నేను తమ్మున్ని ఎత్తుకొని దర్వాజల నిలబడ్డ. ఇద్దరూ కన్నడంలనే మాట్లాడుకున్నరు.

"అజ్జా, మీ మనుమరాలికి బడి ఈడు వచ్చింది. రేపటి నుంచి పంపుండ్రి" అన్నడు మాస్తరు.

"ఆడపిల్లకు కన్నడం రాత దేనికి మాస్తర్ సాబ్? మాట్లాడొస్తది, చాలు."

"చట్టం అట్ల ఉన్నది అజ్జా."

తాతకు ఆ మాట గుచ్చుకున్నది. "చట్టం నాకు చెప్తున్నవా? ఈ ఊర్ల చట్టం చదివి చెప్పేదే నేను. హుకుం ఏది, చూపించు."

మాస్తరు సంచిలకెళ్ళి కాగితం తీసి రెండు చేతులతోని ఇచ్చిండు. తాత అద్దాలు పెట్టుకున్నడు. ఆయన కండ్లు అలవాటు కొద్ది, ఉర్దూ మొదలయ్యే కుడి అంచుకు పోయినయి. ఆడనే ఆగినయి. అరుగు మీదోళ్ళంత ఆయన గొంతు కోసం ఎదురుచూస్తున్నరు. తాత చాలసేపు చూసి, కాగితాన్ని మళ్ళ మడత పెట్టి ఇచ్చేసిండు.

"ఉర్దూల ఉన్నది తీసుకరా" అన్నడు. అంత చిన్నగ ఆయన మాట్లాడంగ నేను అప్పటిదాక వినలేదు.

మాస్తరు నవ్వితే నవ్వొచ్చు, ఒక మాట అంటే అనొచ్చు. ఆయన మాత్రం అరుగు కింది మెట్టు మీద కూసున్నడు. "ఉర్దూల రాలేదు అజ్జా. నేను చదువుత, మీరు విని అర్థం చెప్పుండ్రి" అన్నడు. చదివిండు. తాత కండ్లు మూసుకొని విన్నడు. అంత అయినంక, "చంటిపిల్లలను ఆడించే పిల్లలకు మాఫీ ఉన్నదా దీంట్ల?" అని అడిగిండు.

"లేదు. చంటిపిల్లను కూడ తీసుకొని రమ్మనుండ్రి."

అరుగు మీదోళ్ళు నవ్విన్రు. మాస్తరు మాత్రం నిజంగనే అన్నడు.

బడి అంటే ఊరి చావడి. దూలానికి పాత చీరెలతోని ఊయలలు కట్టించిండు మాస్తరు. నా లెక్క తమ్ముండ్లను, చెల్లెండ్లను ఎత్తుకొచ్చిన ఆడపిల్లలు ఇంకా ఉండిరి. ఒక చేత్తోని ఊయల తాడు గుంజుకుంట ఇంకో చేత్తోని పలక మీద అక్షరాలు దిద్దేటోళ్ళం. మా తమ్మునికి కన్నడ ఎక్కాలు వింటెనే నిద్ర పట్టుడు అలవాటైంది. ఇంట్ల అమ్మ ఎంత జోల పాడినా వాడు పండకపోయేది. "నీ బడి పాట పాడవే, వీడు ఏడ్చి సస్తుండు" అని నన్ను పిలిచేది. నేను రొట్టె తినుకుంట రెండో ఎక్కం మొదలుపెట్టేదాన్ని.

మొదట్ల ఊరి చివరి వాడ పిల్లలు గడప బయట కూసునేటోళ్ళు. మాస్తరు ఒకనాడు అందర్ని లేపి ఎత్తు ప్రకారం వరుసల కూసోబెట్టిండు. నేను పొట్టిదాన్ని, ముందు వరుసల పడ్డ. నా పక్కకు ఆ వాడ పిల్ల పడ్డది. ఊరంత గుసగుసలైనయి. కొందరు పిల్లల్ని మాన్పిచ్చిన్రు గని, కేసు భయానికి మళ్ళ తోలిన్రు. మా అమ్మ నేను బడి నుంచి రాంగనే వాకిట్లనే ఆపి నెత్తి మీద నీళ్ళు చల్లి లోపలికి రానిచ్చేది. తర్వాత తర్వాత పని ఎక్కువైన దినం మర్చిపోయేది. ఎప్పుడు పూర్తిగ మానేసిందో ఆమెకూ తెల్వదు, నాకూ గుర్తు లేదు. నాలుగో తరగతి అయినంక ఆ పిల్లను కూలికి తీసుకపోయిన్రు. చట్టం పిల్లల్ని బడి దాక తెచ్చింది గని, పెసర్లు తెంపే కాలంల ఎవర్నీ ఆపలేకపోయింది. ఎవరి మీదా కేసు కూడ కాలె. అయినా ఆ పిల్ల పెద్దగై తల్లి అయినంక, తన బిడ్డల్ని ఎవరూ చెప్పకముందే బడిల వేసింది.

నేను మూడో తరగతిల ఉన్నప్పుడు పక్కింటి మామ ఒక కాగితం తెచ్చిండు, కన్నడంల ఉన్నది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి నన్ను పిలిచిండు.

"ఇటు రాయే. మీ మాస్తరు ఏం నేర్పిండో చూద్దాం. చదువు."

నేను కూడబలుక్కొని చదివిన. ఒక్క ముక్క అర్థమైతలేదు. అన్నీ కచేరి మాటలు. తాత మాత్రం ఒక్కొక్క మాట కాడ నన్ను ఆపి, ముందటిదీ వెనకటిదీ కలిపి, "అంటే పంచనామా అన్నట్టు", "ఇది పట్టా సంగతి", "చేను గెట్టు కొలుస్తరట, నువ్వు హాజరు కావాలె" అని మామకు విప్పి చెప్పిండు. మామ ఇద్దరికీ దండం పెట్టి పోయిండు. అట్ల మేమిద్దరం కలిసి ఒక మున్షి అయినం. అక్షరాలు నావి, అర్థం తాతది. ప్రతిసారీ నన్ను పరీక్ష పెడుతున్నట్టే పిలిచేటోడు. నాకు కూడ అది పరీక్ష కాదని తెలిసిపోయింది. అయినా చేతులు కట్టుకొని నిలబడి చదివేదాన్ని. నా చిన్నతనంల నాకు అన్నిటికంటె ఇష్టమైన పొద్దులు అవే.

ఒకనాడు పడుచు పిల్లగాడు ఒకడు వచ్చిండు. తాత అరుగు మీదనే ఉన్నడు. "తాతా, పిల్ల లేదా? కాగితం చదివించుకోవాలె" అన్నడు. వాని మనసుల ఏం లేదు. తాత లోపలికి మొకం తిప్పి, "అన్నం తిని రాయే, నీ కోసం వచ్చిండు" అన్నడు. నేను పోయి చదివిన. ఆ మాటలన్నీ అప్పటికి నాకు వచ్చినయి, అర్థం కూడ నేనే చెప్పిన. తాత అద్దాలు పెట్టుకోనే లేదు. నాకు సంబురమైంది, తాత మొకం చూస్తే దుఃఖమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తయని అప్పుడే తెలిసింది.

ఆ ఎండకాలం మా ఊరి బడి చదువు అయిపోయింది. "ఇగ చాలు, చేన్ల చేతికిందికి వస్తది" అన్నది అమ్మ. తాత పీట మీద కూసొని అన్నం కలుపుకుంట, "బీదర్ల ఆడపిల్లల బడి ఉన్నదట. నేను తీసుకపోత" అన్నడు.

నాయిన తల ఎత్తి చూసిండు. "బడి వద్దన్నది నువ్వే గదనే?"

"అప్పుడు అన్న. ఇప్పుడు ఇట్ల అంటున్న."

బీదర్ బడిల పెద్ద టీచరమ్మ తాతను దస్కతు పెట్టుమన్నది. తాత కుడి నుంచి ఎడమకు ఉర్దూల తన పేరు రాసిండు. "కన్నడంల రాదా అజ్జా?" అని అడిగిందామె. "చేతికి ఇదే అలవాటు తల్లీ. కన్నడం ఇగో, ఇది రాస్తది" అని నన్ను ముందలికి జరిపిండు.

బస్సుకు ఇంకా టైముందని గాంధీ గంజ్‌కు తీసుకపోయిండు. కందుల బస్తాలు, హమాలీల అరుపులు, లారీల దుమ్ము. దుకాణాల మీద కొత్తగ కన్నడ అక్షరాలు రాసిన్రు, కింద పాత ఉర్దూ అట్లనే ఉన్నది. "మీదిది చదువు" అనేటోడు తాత. నేను చదివితే, కిందిది తను చదివి, "సరిపోయింది" అనేటోడు. ఒక దుకాణం కాడ సరిపోలె. మీద ఒక పేరు, కింద ఇంకొకటి. దుకాణం చేతులు మారిందట. తాత కడుపుబ్బ నవ్విండు. నేను ఆయన చెయ్యి పట్టి గుంజి, "నాకు కిందిది నేర్పు తాతా" అన్న.

"ఇప్పుడెవరికి కావాలె బిడ్డా అది?" అన్నడు గని, నేను బీదర్లనే ఉండి చదువుకుంట సెలవులకు ఇంటికి పోయినప్పుడు అరుగు మీద కూసోబెట్టి అలిఫ్, బే దిద్దించిండు. పూర్తిగ నేర్చుకునుడు కాలె. కోతలొచ్చేటివి, నా పరీక్షలొచ్చేటివి, ఆగేది. ఇప్పటికీ బీదర్ పాత బజార్ల ఆ రాతలు నేను సగమే చదువగలుగుత.

స్టేట్ పేరు కర్ణాటక అయిన ఏడాది నేను టీచర్ ట్రైనింగ్‌ల ఉన్న. ఇంటికి పోంగనే తాత నన్ను దగ్గర కూసోబెట్టుకున్నడు. "మళ్ళ భాష మారుతదానె?" అని అడిగిండు.

"లేదు తాతా, పేరే మారింది."

"పేరైతే ఏం కాదు తీయ్" అని, మంచం మీద ఒత్తిగిలి పండుకున్నడు.