చుక్కకు ఉంగరం

ఆ సందులో అందరూ ఆయన్ని టార్చి మాస్టారు అనేవారు. ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పినవారు కాదు. ఇంట్లోనే టార్చిలైట్లు తయారుచేసి అమ్మేవారు. కొనడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి, తడిస్తే ఎలా ఆరబెట్టాలో, స్ప్రింగు ఎందుకు గుంజకూడదో అరగంట చెప్పి గానీ వదిలేవారు కాదు. టార్చితోపాటు పాఠం కూడా పట్టుకెళ్ళాల్సిందే. అలా మాస్టారయ్యారు.

ఇల్లు రెండే గదులు. ముందు గదిలో కిటికీ కింద ఆయన పనిబల్ల. మెట్ల కింద కిటికీ లేని సామాన్ల కొట్టు ఒకటి ఉంది. దాని గుమ్మానికి పాత దుప్పటి వేలాడదీసి, లోపల చిన్న పీట మీద ఆయన భార్య పనిచేసేవారు.

టార్చికి ప్రాణం దాని మొహంలో ఉండే ఎల్‌ఈడీ. చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది. ఆ ఇంట్లో దాని పేరు చుక్క. బజారు నుంచి చుక్కల రీలు, అంటే చుక్కలు వరసగా అంటించిన పట్టీ చుట్ట, వచ్చిన రోజు ఆవిడ మధ్యాహ్నం భోజనం కాగానే దుప్పటి వెనక్కి వెళ్ళి, ఒక్కొక్క చుక్కనీ రెండు తీగలకు ఆనించి వెలిగించి చూసేవారు.

"మా ఆవిడ పట్టపగలే చుక్కలు చూస్తుందండీ," అనేవారు మాస్టారు వచ్చినవాళ్ళతో.

"ఈయన్ని కట్టుకున్న రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను," అని దుప్పటి వెనక నుంచి జవాబు వచ్చేది. 

ఇరవై ఏళ్ళుగా అదే మాట, అదే జవాబు. విన్న ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవారు.

ఈ పరీక్ష మొదలవడానికి కారణం ఒక నర్సమ్మ. మొదట్లో మాస్టారు ఏ చుక్క దొరికితే అది బిగించేవారు. ఒకరోజు ఆ నర్సమ్మ టార్చి పట్టుకుని వచ్చింది. "నిన్న పురుడు పోస్తుంటే కరెంటు పోయింది మాస్టారూ. మీ లైటు వేసి చూస్తే బిడ్డ నీలంగా ఉంది. నా గుండె ఆగిపోయింది. కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్తే ఎర్రగా, దానిమ్మ గింజలా ఉంది. రంగు మీ లైటుది!" అంది. అంత భయపడ్డ మనిషి కూడా గొంతు పెంచలేదు. టార్చి బల్ల మీద పెట్టి, "బాగుచేసి ఇవ్వండి, మళ్ళీ ఇదే పట్టుకెళ్తాను," అంది. లోకంలో ఇలాంటివాళ్ళు ఉండబట్టే భగవంతుడు ఇంకా మన మొహం చూస్తున్నాడు.

ఆ మాట మాస్టారి భార్యకు ముల్లులా గుచ్చుకుంది. "పుట్టిన బిడ్డ రంగు చూపించలేని దీపం దీపమా అండీ?" అన్నారు. మర్నాటి నుంచి పీట వేసుకుని కూర్చున్నారు. నాసిరకం చుక్కని వెలిగించి తెల్లకాగితం వెనక పెడితే, నడుమ నీలంగా ఉండి చుట్టూ పసుపు వలయం కడుతుంది. ఆవిడ దాన్ని ఉంగరం అన్నారు. "దీనికి ఉంగరం ఉంది," అన్నారంటే ఇక ఆ చుక్క టార్చిలోకి పోదు. మాస్టారు మళ్ళీ చూసేవారు కాదు. ఆవిడ చూశాక తాను చూడటం ఆవిడకి అవమానమని ఆయన లెక్క.

చుక్కలు అమ్మే కొట్టు పెద్ద బజారులో ఉండేది. కొట్టతను ఈవిడని ఒక్కసారి చూసి "అక్కయ్యా" అన్నాడు. ఆ వరసన మాస్టారు బావ అయ్యారు. బావ వస్తే ముందు అరలో సరుకు చూపించేవాడు కాదు. లోపలికి వెళ్ళి, సీలు విప్పని రీలు తెచ్చి ఎదురుగా విప్పేవాడు. "మా అక్కయ్య కంటి ముందు నిలబడాలి కదా బావా. ఆవిడ వద్దన్న చుక్క ఆకాశంలో ఉన్నా దండగే," అనేవాడు.

ఒక వానాకాలం ఆవిడ దుప్పటి తొలగించి బయటికి వచ్చి, "ఈసారి అన్నిటికీ ఉంగరాలున్నాయండీ," అన్నారు. 

మాస్టారు నమ్మలేకపోయారు. ఆవిడని కాదు, కొట్టతన్ని. రీలు వెనక్కి పట్టుకెళ్ళారు. అతను మారు మాట్లాడకుండా మరొకటి ఇచ్చాడు. దానికీ ఉంగరాలే. మూడోదానికీ అంతే. ఆవిడకి తలనొప్పి కూడా మొదలైంది. నుదుటికి తడిగుడ్డ కట్టుకుని, "ఈ పాడు సరుకు చూసీ చూసీ నొప్పెడుతోంది," అనేవారు. ఆ మాట విన్నకొద్దీ మాస్టారికి కొట్టతని మీద ఒళ్ళు మండేది.

నాలుగోసారి కొట్టు ముందు నలుగురూ ఉండగా ఆయన నోరు జారారు.

"సీలు నీ ముందే విప్పాను కదా బావా!"

"సీలు మంచిదేలే. లోపల సరుకే మారింది, నీ బుద్ధిలాగే."

"బావా, ఒక్కమాట..."

"ఏంటా మాట? మీ అక్కయ్య కన్ను తప్పంటావా?"

కొట్టతను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. "ఆ మాట నేననగలనా?" అని రీలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మాస్టారు మళ్ళీ ఆ కొట్టు మెట్టు ఎక్కనని ఒట్టేసుకుని వచ్చారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన తిరగని బజారు లేదు. ఎక్కడి నుంచి తెచ్చినా ఆవిడ దుప్పటి వెనక గంటలు గంటలు కూర్చుని, చివరికి అదే మాట. బల్ల మీద ఒట్టి టార్చి గొట్టాలు వరసగా నిలబడి ఉండేవి. ఆయన టార్చిలు కొనే రాత్రి కాపలాదారులు వచ్చి, "మీ టార్చి తప్ప వేరేది చేతికి ఆనదు మాస్టారూ, ఆగుతాంలెండి," అని వెళ్ళేవారు. "లోకమంతా చెడిపోయింది, ఒక్క నీ కన్నే చెడలేదు," అని మాస్టారు భార్యతో గర్వంగా అనేవారు. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ లోపల ఉండగా కరెంటు పోయింది. మాస్టారు అగ్గిపెట్టె తీసుకుని దుప్పటి తొలగించి లోపలికి వెళ్ళి పుల్ల గీశారు. 

ఆవిడ ఆ మంటకేసి చూసి, నవ్వుతూ అన్నారు: "చూశారా, మీ అగ్గిపుల్లకీ ఉంగరం ఉంది."

మాస్టారి చేతిలో పుల్ల వేళ్ళదాకా కాలింది. అగ్గిపుల్లలో చుక్క లేదు, నీలం లేదు, నాసిరకం లేదు. ఇంకో పుల్ల గీశారు. "దీనికి?"

"దీనికీ ఉందండీ. రంగురంగులుగా..." అంటూ ఆగిపోయారు ఆవిడ. ఆ చీకట్లో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. 

కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "దీపాల చుట్టూ రంగులు ఎన్నాళ్ళ నుంచి కనిపిస్తున్నాయమ్మా?"

"దీపాలవే అనుకున్నానమ్మా. మా పని అది."

"కళ్ళలో ఒత్తిడి పెరిగిపోయిందమ్మా, నీటికాసులంటారు. ఆ రంగులు దానివల్లే. మీరు చీకట్లో ఎక్కువసేపు కూర్చుంటారా?"

మాస్టారే చెప్పారు, దుప్పటి గురించి, పీట గురించి. అలాంటి కళ్ళకి చీకటిగది మరింత చేటని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒక కన్ను దాదాపు పోయిందని, రెండోదానిలో మిగిలింది నిలపడానికి చూస్తానని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పింది. 

"ఎనిమిది నెలల కిందట తీసుకొచ్చి ఉంటే?" అని అడిగారు మాస్టారు. 

డాక్టరమ్మ మందుచీటీ రాసుకుంటూ ఆ ప్రశ్న విననట్టు ఊరుకుంది. అదీ ఒక దయే.

మందులు వేశారు, కంటికి చికిత్స చేశారు. అయినా ఏడాది తిరక్కుండానే ఆవిడకి వెలుగు ఏ వైపు ఉందో తెలియడం తప్ప మరేమీ మిగల్లేదు.

మాస్టారు ఒట్టు గట్టున పెట్టి కొట్టుకి వెళ్ళారు. మెట్టు మీదే నిలబడి జరిగింది చెప్పారు. కొట్టతను ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, పై అర చూపించాడు. తిప్పి పంపిన నాలుగు రీళ్ళూ అక్కడే ఉన్నాయి.

"ఎవరికీ అమ్మలేదేం?"

"నేనూ వెలిగించి చూశాను బావా. నాకు ఉంగరం కనిపించలేదు. కానీ అక్కయ్య చూసిందంటే ఉండే ఉంటుంది, నా కన్నెంత అనుకున్నాను. ఆ రోజు కొట్టు ముందు అందామనుకున్నాను. నువ్వు ఆవిడ పేరెత్తేసరికి నోరు రాలేదు." అతను అర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అని ఉంటే బాగుండేది కదా బావా?"

నమ్మి చెడినవారు లేరని మా బళ్ళో గోడ మీద రాసి ఉండేది. ఈ ఇద్దరూ ఒకే మనిషిని నమ్మారు. అంత నమ్మారు కాబట్టే, దీపాలన్నిటినీ అనుమానించారు గానీ ఆవిడ కళ్ళలోకి ఒక్కసారి చూడలేదు. నమ్మకం తప్పని అనడానికి నాకు నోరు రాదు. దేవుడు కన్నంత చిన్న కిటికీ ఎందుకు మూశాడో అడగడానికీ నోరు రాదు.

ఆ నాలుగు రీళ్ళనీ కొట్టతను తనే మోసుకుని ఇంటికి వచ్చాడు. "అక్కయ్యా," అంటే, ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగి, చెయ్యి చాపి అతని మొహం తడిమారు. "చిక్కిపోయావేం తమ్ముడూ? మీ బావ పెట్టిన చివాట్లకా?" అన్నారు. అతను ఆ చేతిని వదిలిపెట్టలేక చాలాసేపు కూర్చుండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు దుప్పటి వెనక పీట మీద కూర్చున్నారు. ఆవిడ బయట, గుమ్మానికి ఆనుకుని కూర్చున్నారు. ఆయన మొదటి చుక్కని తీగలకు ఆనించి, తెల్లకాగితం వెనక వెలిగించారు. ఇరవై ఏళ్ళలో ఆయన చూసిన మొదటి చుక్క అది.

"ఏమండీ, ఉంగరం ఉందా?" 

కాగితం మీద వెలుగు చెదిరి, చుట్టూ రంగులు కట్టింది. ఎరుపు, పసుపు, నీలం. ఆయన అబద్ధం చెప్పలేరు.

"ఉందే," అన్నారు. ముక్కు ఎగబీల్చారు. "ఉంది."

దుప్పటి అంచు కింద నుంచి ఆవిడ చీర చెంగు లోపలికి వచ్చింది.

"కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూడండి," అన్నారు ఆవిడ.