మేస్త్రీ గిన్నె

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూర వండితే మొదటి వాటా మాది కాదు, మిల్లు మేస్త్రీది. కోయంబత్తూరులో మా తెలుగు వీధి ఆడవాళ్లంతా నూలు మిల్లులో రోజుకూలీలు. తెల్లారి మిల్లు సంగు, అదే సైరను, కూయగానే గేటు ముందు నిలబడేవాళ్లు. లోపలికి ఎవరిని పిలవాలన్నది మేస్త్రీ ఇష్టం. అందుకే అన్నం తూక్కులో, అంటే క్యారియరులో, పై గిన్నె ఆయన కోసం నింపుకెళ్లేవాళ్లు. అందులో కూర ఉంటే పని, లేకపోతే ఇంటిదారి.

నాయన లేని ఇల్లు మాది. అమ్మకు పని దొరకని రోజు పొయ్యి వెలిగేది కాదు. గిన్నె నింపగలిగినవాళ్లే లోపలికి పోతుంటే, పని తెలిసినవాళ్లు బయట మిగిలిపోయేవాళ్లు. నూలు ఊరికే తెగుతోందని వ్యాపారులు సరుకు తిప్పి పంపుతున్నారనీ, మిల్లు మూసేస్తారనీ వీధంతా గుబులు.

ఒక ఆదివారం మా మేనత్త మాంసం వండి, మేస్త్రీ వాటా కూడా నా పళ్లెంలోనే వేసేసింది.

"తిను పాపా. రేపు మన వీధిలో ఎవురూ ఆయనకి కూర ఎత్తుకపోరు. అందరికీ చెప్పేసినా" అంది.

అమ్మ తన పళ్లెం పక్కకు నెట్టేసింది. ఆమె ముఖం చూశాక అంత కమ్మటి ముక్కనూ నేను పళ్లెంలోనే వదిలేశాను.

మర్నాడు అమ్మ కొంగు పట్టుకుని నేనూ గేటు దాకా వెళ్లాను. మేస్త్రీ ఒక్కొక్కరి మూతా తీసి చూశాడు. అన్నింట్లోనూ రాగి సంగటే. ఎవరినీ పిలవలేదు. ఒకావిడ ఏడుస్తూ, ఇంటికి పోయి గుడ్లు తెస్తానంది. అత్త ఆమె చెయ్యి వదల్లేదు. లోపల మరలు ఆగిపోయాయని మేనేజరు బయటికొచ్చి ఏమైందని అడిగాడు. అందరూ మేస్త్రీ వైపు చూశారు. చివరికి అందరిలోకీ పిరికిదైన మా అమ్మే చెప్పింది.

"గిన్నెలో కూర లేదయ్యా. దానికే మమ్మల్ని పిలవల్యా."

మమ్మల్ని కొడతారనే అనుకున్నాను. ఆ రోజు అమ్మకు పని దొరకలేదు. కొన్నాళ్లు మేస్త్రీ మా వీధిలో కనబడితే చాలు, తలుపు వెనక దాక్కునేదాన్ని. కానీ మేనేజరు మెల్లగా ఆ పద్ధతి మాన్పించాడు. పనితనం చూసి, వంతుల ప్రకారం పిలవడం మొదలైంది. నూలు తిరిగి రావడం ఆగింది. రాత్రి షిఫ్టు కూడా పెట్టారు. పొల్లాచ్చి కొబ్బరి తోటలకు కూలికి పోయిన మా వీధి మగవాళ్లు తిరిగొచ్చారు.

ఇప్పటికీ ఏ ఆఫీసులోనైనా "మమ్మల్ని కాస్త చూసుకోండి" అని లంచం కోసం ఎవరైనా గొణిగితే ఆ గేటు గుర్తొచ్చి నాకు భయమేస్తుంది. భయపడుతూనే, ఎందుకని అందరికీ వినబడేలా అడుగుతాను. భయం పోయాకే మాట్లాడదామనుకుని ఉంటే, మా అమ్మ ఆ రోజు నోరు తెరిచేదే కాదు.