ఎనిమిది సిలిండర్ల బండి

తిమ్మరాజు పరిగి నుంచి హిందూపురానికి పద్దెనిమిదేళ్లుగా జీపు తోలుతున్నాడు. మొదటి ఆరేళ్లు ఆ జీపు వెనక కమ్మీ పట్టుకొని వేలాడుతూ జనాన్ని పిలిచి ఎక్కించినవాడు మల్లప్ప. తర్వాత మల్లప్ప బెంగళూరు వైపు భూముల బేరాల్లోకి దిగాడు. 2007లో నల్లటి విదేశీ బండి వేసుకొని పరిగికి వచ్చాడు.

అది వీధి మలుపులో ఒకేసారి తిరగలేదు. ముందుకూ వెనక్కూ మూడుసార్లు ఆడించాల్సి వచ్చింది. జనం దాన్నీ గొప్పగానే చెప్పుకున్నారు. తిమ్మరాజు చూడడానికి పోలేదు. మల్లప్పే జీపు స్టాండుకు వచ్చి పక్కన ఆపాడు.

"తాగేది నీ జీపు తాగే డీజిలే అన్నా. కాకపోతే ఎనిమిది సిలిండర్లు. కాలు పెడితే ఏడు సెకండ్లలో నూరు దాటుతాది."

"మన రోడ్లకు అంత జోరు యాలప్పా" అన్నాడు తిమ్మరాజు.

ఆ ఆదివారం తిమ్మరాజు భార్య గంగక్క పెనుకొండలో పెండ్లికి అదే బండిలో పోయి వచ్చింది. "పోతాండేదే తెలీలేదు. నడుము నొప్పే లేదు" అంది. తిమ్మరాజు అన్నం సగంలో లేచాడు. ఇన్నేళ్లలో తన జీపు గురించి ఆమె ఒక్క మంచి మాట అనలేదు.

నెల తర్వాత హిందూపురం బంకులో మల్లప్ప బండి వెనకే అతని జీపు ఆగింది. మల్లప్ప "ట్యాంకు నింపప్పా" అని, సెల్‌ఫోనులో మాట్లాడుతూ దూరంగా నడిచాడు. బంకులో పనిచేసే రామాంజినేయులు, అంత ఖరీదైన బండికి పెట్రోలే అనుకొని ఆ పైపు అందుకున్నాడు. తిమ్మరాజు చూశాడు. ఒక్క మాట చాలు. మీటరు తిరుగుతున్నంతసేపూ స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఊరకే కూర్చున్నాడు.

బండి సోమందేపల్లి దగ్గర ఆగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొస్తుంటే స్టాండులో అందరూ నవ్వారు. తిమ్మరాజు ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మూడోరోజు బంకుకు పోతే రామాంజినేయులు బయట కట్ట మీద భార్య మేరీతో కూర్చొని ఉన్నాడు. ఓనరు పనిలోంచి తీసేశాడట.

"డీజిలని నాకు ఎవురు చెప్పినారన్నా?" అన్నాడు.

తిమ్మరాజు జీపు తిప్పుకొని నేరుగా మల్లప్ప ఇంటికి పోయాడు.

"నేను చూస్తానే ఉన్నా మల్లప్పా. కావాలనే చెప్పలేదు."

"నీకు నేనేం జేసినా?"

"ఏమీ జేయలేదు. నా జీపు వెనక వేలాడినోడివి. అంతే."

మల్లప్ప అప్పుడే బంకు ఓనరుకు ఫోన్ చేసి, డీజిలని చెప్పకుండా పోయిన తప్పు తనదేనన్నాడు. రామాంజినేయులు మళ్లీ పనిలో చేరాడు. బండి బెంగళూరులో బాగుపడి వచ్చింది. స్టాండు ముందు నుంచి పోయేటప్పుడు మల్లప్ప ఇక అద్దం దించలేదు.

చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకున్నాడు తిమ్మరాజు. పడలేదు. తప్పును మీద వేసుకునే పెద్దరికం కూడా మల్లప్పకే దక్కిందని, దానికీ కుళ్లుకున్నాడు.