ఎడమ చెయ్యెత్తితే ఆపాల్సిందే

మొన్న ఆదివారం పొద్దున చర్చికి ప్రార్థనకని చెప్పులు వేసుకుంటుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా పెద్దమ్మ కొడుకు. "అమ్మ పోయిందక్కా" అన్నాడు, అంతే. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు ఎంత దూరమని! ఆ రోజు మాత్రం దారి తెగలేదు.

పెద్దమ్మ ప్రొద్దుటూరులో ఒక పళ్ల డాక్టరు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసింది. పన్ను పీకేది డాక్టరే గానీ, ఆయన లోపలికి వచ్చేలోపు ఏమేమి జరగబోతోందో వరసగా చెప్పే పని ఆమెది. ఎవరూ అప్పజెప్పింది కాదు, తనే పెట్టుకుంది. "ఏం కాదులే, చీమ కుట్టినట్టుంటుంది" అనే మాట ఆమెకు గిట్టదు. "చీమ కుట్టినట్టని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు మే. ముందుగా చెప్పిన నొప్పి సగం నొప్పే" అనేది.

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా జ్ఞానదంతం అడ్డంగా మొలిచి దవడ గుమ్మడికాయంత అయింది. జ్ఞానం సంగతి దేవుడెరుగు, మూడు రోజులు నిద్ర లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దమ్మ పక్కన స్టూలు లాక్కుని నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

"విను. ముందు సూది. అది నొప్పే. పది అంకెలు లెక్కపెట్టు, పోతాది. తర్వాత పెదవి నీది కానట్టుంటాది. అప్పుడు డాక్టరు పన్ను పట్టుకోని ఆడిస్తాడు. గుంజినట్టుంటాది గానీ నొప్పుండదు. కరకరమని చప్పుడొస్తాది, శానామంది దానికే జడుసుకుంటారు. అది నీ తలకాయలోనే, బయట మాకెవరికీ వినపడదు. నొప్పైతే ఈ చెయ్యెత్తు. ఎత్తితే ఆయప్ప ఆపాల్సిందే."

అన్నీ ఆమె చెప్పిన వరసలోనే జరిగాయి. మధ్యలో నొప్పి లేకపోయినా ఒకసారి చెయ్యెత్తాను, నిజంగా ఆపుతారో లేదో చూద్దామని. డాక్టరు టక్కున ఆగిపోయాడు. పెద్దమ్మ కళ్లద్దాల మీదుగా చూసి, "పరీక్ష అయిపోయిందా టీచరమ్మా?" అంది.

అయ్యాక దూది కరిపించి మళ్లీ మొదలుపెట్టింది. "అరగంట గట్టిగా పట్టు, నోరు తెరవొద్దు. ఉమ్మొద్దు, రేపటిదాకా పుక్కిలించొద్దు. రక్తం గడ్డ కట్టల్ల ఆడ. అది ఊడిపోతే గుంత ఎండిపోయి నరకం చూస్తావు. వేడి సంగటి వద్దు, మజ్జిగన్నం తిను. రెండు మూడు రోజులు వాపుంటాది, దానికి ఏడవద్దు. తగ్గాల్సిన నొప్పి ఎక్కువైతే మాత్రం ఆగొద్దు, పరిగెత్తుకోని రా." మూడో రోజు తనే ఫోన్ చేసి వాపు అడిగింది. నాకే కాదు, అందరికీ చేసేది.

ఒకసారి పులివెందుల నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. మీసాలు చూస్తేనే దారిచ్చేలా ఉన్నాడు, వెంట నలుగురు మనుషులు. సూది చూడగానే ఆయన కుర్చీ దిగబోయాడట. పెద్దమ్మ ఆ నలుగురినీ బయట కూర్చోమని తలుపేసి, "మామా, ఇప్పుడు భయపడు, చూసేటోళ్లు ఎవరూ ల్యారు" అందట. వారానికి ఆయన బస్తాడు చీనీకాయలు పంపించాడు. "పుల్లటివి తినొద్దని నేను చెప్తే నాకే పంపినాడు సూడు" అని నవ్వి నవ్వి, వీధంతా పంచింది.

పోయినేడు పెద్దమ్మకు కడుపులో గడ్డ అన్నారు. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, ముదిరిపోయిందని తమ్ముడికి చెప్పారు. ఆమెకు చెప్పకూడదని అందరం అనుకున్నాం. తెలిస్తే తట్టుకోలేదని. ఎవరు తట్టుకోలేరో ఇప్పుడు తెలుస్తోంది నాకు.

నేను చూడబోయిన రోజు గదిలో ఇద్దరమే ఉన్నాం. "నువ్వన్నా చెప్పు మే. తర్వాత ఏమైతాది? వరసగా చెప్పు" అంది.

"ఏం కాదు పెద్దమ్మా. చిన్న పుండు. మందులతో మానిపోతుందట."

నా ముఖంలోకి చూసింది. "చీమ కుట్టినట్టుంటాదా?" అంది మెల్లగా.

ఆ మాటకైనా నాకు సిగ్గు రావాలి కదా! రాలేదు. క్రిస్మస్‌కు లేచి తిరుగుతావనీ, నువ్వే కేకు కొయ్యాలనీ, నోటికొచ్చిందల్లా చెప్పుకుంటూ పోయాను. అప్పుడామె ఎడమ చెయ్యెత్తింది. సూది గుచ్చిన చెయ్యి, పైకి నిలబడలేక ఊగుతోంది. ఎందుకెత్తిందో నాకు తెలియదా? ఎన్ని వందల మందికి ఆ చెయ్యెత్తడం నేర్పిందో తెలిసిన దాన్ని. ఆ డాక్టరు ఒక్కసారి కూడా ఆపకుండా ఉండలేదు. నేను ఆపలేదు. "చెయ్యి చల్లగా అయింది పెద్దమ్మా" అని దాన్ని పట్టి కిందికి దించి, దుప్పట్లో పెట్టాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. తిన్నావా అని మాత్రం అడిగింది.

ఎంతమంది భయాన్ని సగం చేసిందో మా పెద్దమ్మ. ఆమె భయాన్ని మేము ఆమెకే వదిలేశాం, ఒక్కదానికే. నన్ను క్షమించమని అడగడానికి కూడా ఆలస్యం చేశాను.

మట్టికి తీసుకుపోయే ముందు పెట్టె దగ్గర నిలబడ్డాను. పళ్ల డాక్టరు వచ్చి ఉన్నాడు, తల వంచుకుని. పాదిరిగారు ప్రార్థన ముగించి, మూత వేయమన్నారు. తెల్ల చీర, ఆ కళ్లద్దాలు. రెండు చేతులూ గుండెల మీద కట్టి పెట్టారు. ఎడమ చెయ్యి అడుగున ఉంది, దాని మీద కుడి చెయ్యి.